మీరెవురు నాయనా?

మా అక్క గొంతు చాలా చిన్నది. సొంత అక్క కాదు, తోటికోడలు. పెళ్ళయినప్పటి నుంచి అక్కా అనే పిలుస్తున్నాను, అట్లాగే అనుకుంటున్నాను కూడా. వాళ్ళుండేది పుత్తూరులో. వడమాలపేటలో బస్సెక్కి టికెట్ తీసుకుని చిల్లర సర్దుకునేలోపల పుత్తూరు వచ్చేస్తుంది. అందుకే వాళ్ళింట్లో పాలు విరిగినా నాకు తెలుస్తుంది, మా ఇంట్లో కూర మాడినా ఆమెకు తెలుస్తుంది.

2023 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అక్క ఇంటి ముందు ఇద్దరు అబ్బాయిలు బైకు ఆపారు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. బావ ఇంట్లో లేడు. "మీ లోను మా కంపెనీకి వచ్చిందమ్మా. వారంలోపల కట్టకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వస్తుంది" అన్నారట. అక్క ఆ కాగితం తీసుకుని చూసింది. పైన ఉన్న పేరు వాళ్ళు లోను తీసుకున్న కంపెనీ పేరు కాదు. ఎప్పుడూ వినని పేరు.

"మీరెవురు నాయనా? మేము తీసుకునింది మీ కాడ కాదే" అంది.

వాళ్ళ దగ్గర జవాబు లేదు. "అదంతా పైన ఆఫీసులో చూసుకుంటారు, మీరు డబ్బు సంగతి చెప్పండి" అని గొంతు పెంచారు. పక్కిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. ఆ రాత్రి అక్క అన్నం తినలేదు. పొద్దున్నే నాకు ఫోన్ చేసి ఏడ్చింది. అప్పు గురించి కాదు, తలుపులు తెరుచుకున్నందుకు.

అక్క భయపడి అడిగిన ఆ ప్రశ్న చట్టం ప్రకారం అడగాల్సిన మొదటి ప్రశ్న అని మాకు తర్వాత తెలిసింది. ఈ రోజు రాయాలనుకున్నది దాని గురించే.

ముందు సంగతి చెబుతాను. 2016లో ఇల్లు కట్టుకోవడానికి తిరుపతిలో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ దగ్గర 14 లక్షలు తీసుకున్నారు. బావకు నాలుగు మరమగ్గాలున్నాయి. నాలుగేళ్ళు ఈఎంఐ ఒక్క నెల తప్పలేదు. 2020లో కరోనా వచ్చి మగ్గాలు ఆగిపోయాయి. రిజర్వు బ్యాంకు ఆ ఏడాది మార్చి నుంచి ఆగస్టు వరకు వాయిదాలకు విరామం ఇచ్చింది కదా, అది తీసుకున్నారు. ఆ ఆరునెలల వడ్డీ అసలులో కలుస్తుందని అప్పుడు తెలీదు. తర్వాత మగ్గాలు తిరిగాయి, కానీ నూలు ధర మాత్రం దిగలేదు. 2021లో మూడు నెలలు కట్టలేకపోయారు, మళ్ళీ రెండు కట్టారు, మళ్ళీ ఆగింది. వాయిదా 90 రోజులు దాటితే ఆ లోను మొండి బాకీల లెక్కలోకి పోతుంది. తప్పు వాళ్ళ వైపు లేదని నేను చెప్పను. అప్పు తీసుకున్న మాట నిజం, కట్టకపోయిన మాట నిజం.

మా ఆయన అన్నదీ అదే. "ఎవురికి కడితే ఏముందే? అప్పు అప్పే గదా. కంపెనీ మారితే అప్పు మారుతుందా?" అన్నాడు.

అప్పు మారదు. కానీ చీటీ పాట గుర్తు తెచ్చుకోండి. నెలనెలా చీటీ డబ్బు నడిపే ఆమె చేతికే ఇస్తాం. వేరే ఎవరో వచ్చి "ఇకనుంచి నాకివ్వండి, ఆమె చీటీ నాకు అప్పజెప్పింది" అంటే ఇస్తామా? ముందు ఆమెకు ఫోన్ చేస్తాం. డ్వాక్రా పొదుపు పుస్తకంలో పదిరూపాయలు ఎక్కకపోతే లీడరును నిలదీస్తాం. నగ కుదువ పెట్టి విడిపించుకోవడానికి పోతే అంగడివాడు రసీదు అడుగుతాడు. "పదేళ్ళుగా తెలిసిన మనిషినే గదా" అంటే కుదరదంటాడు, అది న్యాయమే. మన రసీదు అడిగే హక్కు వాళ్ళకుంటే, ఇంటి మీదికొచ్చినప్పుడు వాళ్ళ రసీదు అడిగే హక్కు మనకెందుకు ఉండదు?

అమెరికా సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. మా చిన్నాయన కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. ఫోన్లో ఈ సంగతంతా చెబితే, "అక్కడ ఫోర్‌క్లోజర్ లాంటిదా?" అంది. నాకు నవ్వొచ్చింది. మన బ్యాంకుల్లో ఫోర్‌క్లోజర్ అంటే గడువుకు ముందే మొత్తం కట్టేసి లోను ముగించడం, సంతోషమైన మాట. అమెరికాలో అదే మాటకు అర్థం ఇల్లు పోవడం. 2008లో అక్కడ ఇళ్ళ అప్పులు కుప్పకూలినప్పుడు, ఒకరి దగ్గర తీసుకున్న అప్పును ఇంకొకరికి, వాళ్ళు మరొకరికి అమ్మేశారు. చివరికి ఇల్లు వేలం వెయ్యడానికి వచ్చిన బ్యాంకు చేతిలో ఆ తనఖా తనదేనని చూపించే కాగితమే లేని కేసులు బయటపడ్డాయి. 2010లో ఇంకో సంగతి వెలుగులోకి వచ్చింది. ఆఫీసుల్లో మనుషులు చదవకుండానే రోజుకు వందల ప్రమాణపత్రాల మీద సంతకాలు పెట్టేశారట. 2011 జనవరిలో మసాచుసెట్స్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం ఐబానెజ్ అనే ఇంటాయన కేసులో తేల్చి చెప్పింది. వేలం వేసిన రోజున తనఖా తన పేర బదిలీ అయినట్టు బ్యాంకు చూపించాలి, తర్వాత కాగితం పుట్టించి తెస్తే చెల్లదు, కాబట్టి ఆ వేలం చెల్లదు అని. 2012లో అక్కడి అయిదు పెద్ద బ్యాంకులు 49 రాష్ట్రాలతో 25 బిలియన్ డాలర్ల రాజీకి వచ్చాయి.

అదంతా వింటుంటే నాకు మా అక్కే గుర్తొచ్చింది. అంత పెద్ద దేశంలో అంత పెద్ద కోర్టు అడిగిందీ "మీరెవురు నాయనా" అనే.

మన దగ్గర ఇళ్ళ మీదికి రావడానికి వాడే చట్టం 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం. అంతకు ముందు బ్యాంకు ఇల్లు తీసుకోవాలంటే సివిల్ కోర్టులో దావా వేసి ఏళ్ళ తరబడి తిరగాల్సి వచ్చేది. ఈ చట్టం వచ్చాక కోర్టుతో పని లేకుండానే నోటీసిచ్చి స్వాధీనం చేసుకోవచ్చు. మనం అడ్డుపడదామని సివిల్ కోర్టుకు పోవడానికి వీల్లేదు. రుణ వసూలు ట్రిబ్యునల్‌కే పోవాలి, అదీ వాళ్ళు చర్య తీసుకున్న 45 రోజుల్లోపల. మొదట్లో ఇంకా ఘోరంగా ఉండేది. అక్కడ అప్పీలు చేసుకోవాలంటే ముందు బాకీలో 75 శాతం కట్టి రావాలని రాసిపెట్టారు. డబ్బుంటే కట్టేవాళ్ళే కదా, అప్పీలు ఎందుకు? 2004 ఏప్రిల్‌లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని ఉంచి, ఆ 75 శాతం మాటను కొట్టేసింది.

ఇంత పదునైన కత్తిని కోర్టు గడప తొక్కకుండానే వాడుకోవచ్చన్నప్పుడు, ఆ కత్తి ఎవరి చేతిలో ఉందో చూడాలా వద్దా? చట్టమే కొన్ని హద్దులు పెట్టింది. తిరుపతిలో మాకు తెలిసిన ఒక లాయరమ్మ ఉంది. అక్కను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఒక్కొక్కటే విడమర్చి చెప్పింది.

ఇంటికొచ్చే కుర్రాళ్ళకు ఇల్లు ఖాళీ చెయ్యమనే అధికారం బొత్తిగా లేదు. వాళ్ళు వసూలు ఏజెంట్లు, అంతే. గుర్తింపు కార్డూ, కంపెనీ ఇచ్చిన ఉత్తరమూ చూపించాలి. పొద్దున 8 లోపల, సాయంత్రం 7 దాటాక ఫోన్ చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో మళ్ళీ గట్టిగా చెప్పింది. చట్టప్రకారం స్వాధీనపు నోటీసు మీద సంతకం పెట్టాల్సింది అధీకృత అధికారి. ప్రభుత్వ బ్యాంకు అయితే చీఫ్ మేనేజరుకు తగ్గని హోదా ఉన్నవాడు. ముందు 60 రోజుల నోటీసు రావాలి, అందులో బాకీ ఎంతో, ఏ ఆస్తి మీదో రాసుండాలి. మనం అభ్యంతరం రాసిస్తే 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. మనుషులను బయటికి పంపి ఇల్లు తీసుకోవాలంటే కలెక్టరు దగ్గరికో, మెజిస్ట్రేట్ దగ్గరికో పోయి, తాము ఎవరో, బాకీ ఎంతో ప్రమాణపత్రం ఇచ్చి ఉత్తర్వు తెచ్చుకోవాలి.

ఇంకొకటి. తనఖాలన్నీ నమోదు చేసే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఒకటుంది. 2011 నుంచి నడుస్తోంది. 2020 జనవరి 24 నుంచి, అందులో నమోదు కాని తనఖాను పట్టుకుని ఈ చట్టం కింద ఎవరూ ఇంటి మీదికి రావడానికి వీల్లేదు. కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా ఆన్‌లైన్లో చూసుకోవచ్చు. మన ఇంటి తనఖా ఎవరి పేర ఉందో కూడా.

ఇక అసలు ముడి. కంపెనీ మన అప్పును ఇంకొకరికి అమ్మొచ్చా? అమ్మొచ్చు. మన ఒప్పుకోలు అవసరం లేదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కొన్న సంస్థకు పాత సంస్థ హక్కులన్నీ వస్తాయి. బ్యాంకులు కలిసిపోయినా అంతే. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మన చిత్తూరు సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఇవి ప్రభుత్వమే గెజెట్‌లో వేసి, పేపర్లలో పడి, బోర్డు మారి జరిగినవి. మన వీధిలో వాళ్ళందరికీ తెలుసు. మొండి బాకీల అమ్మకం అట్లా కాదు. వేల లోన్లు ఒక మూటగా కట్టి, ఒక జాబితా జతచేసి, ఎక్కడో మహానగరంలో సంతకాలు పెట్టుకుంటారు. మా అక్క ఇల్లు ఆ జాబితాలో ఒక వరుస.

ఆ సంగతి అక్కకు చెప్పాలని చట్టంలో ఉందా? ఇక్కడే నాకు కోపం. చట్టం 6వ సెక్షన్‌లో, బ్యాంకు తనకు తగునని తోస్తే అప్పు తీసుకున్నవాళ్ళకు నోటీసు ఇవ్వవచ్చు అని ఉంది. ఇవ్వాలి అని కాదు, ఇవ్వవచ్చు. నేను బీఏలో తెలుగు చదువుకున్నదాన్ని, "ఇవ్వవచ్చు"కూ "ఇవ్వాలి"కీ తేడా మూడేళ్ళు చదివాను. ఈ ఒక్క క్రియ మారిస్తే చాలు. అప్పు అమ్మిన పదిహేను రోజుల్లో, తెలుగులో, ఇంటి అడ్రసుకు రిజిస్టరు పోస్టులో, అమ్మినవాళ్ళూ కొన్నవాళ్ళూ ఇద్దరూ సంతకం పెట్టిన ఉత్తరం తప్పనిసరిగా రావాలి. ఆ ఉత్తరం రానంతవరకు కొత్తవాళ్ళు గడప తొక్కకూడదు. కరెంటు బిల్లు ఏ తేదీకి కట్టాలో ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. మన ఇల్లు ఎవరి చేతికి పోయిందో చెప్పడానికి ఒక ఉత్తరం బరువా?

బరువేమీ కాదు, లాభం లేదు కాబట్టి పంపరు. తెలియనివాళ్ళు భయపడతారు, భయపడినవాళ్ళు అడక్కుండా కడతారు.

మా బావ అట్లాగే కట్టాడు. ఆ కుర్రాళ్ళు వచ్చిపోయిన వారానికి, పరువు పోతుందని, 40 వేలు నోట్ల కట్టగా తెచ్చి వాళ్ళలో ఒకడి చేతిలో పెట్టాడు. అతను పాకెట్ డైరీలోంచి చించిన కాగితం మీద రాసిచ్చాడు. అప్పుడు ఇంట్లో ఉన్న అక్క "ఇది రసీదా?" అని గొణిగిందట. బావ "నువ్వు ఊరుకో" అన్నాడు. మూడు నెలల తర్వాత కంపెనీ లెక్క వచ్చినప్పుడు అందులో 40 వేలు లేవు. ఆ అబ్బాయి ఇప్పుడు తమ ఏజెన్సీలో పనిచెయ్యడం లేదన్నారు. ఆ డబ్బు ఇప్పటిదాకా రాలేదు, ఇక రాదు. నాలుగు మగ్గాల మీద అది ఎన్ని రోజుల నేతో బావ ఒకసారి లెక్కేసి చెప్పాడు. నేనే మాట మార్చేశాను.

లాయరమ్మ దగ్గరికి పోయింది దాని తర్వాతే. ఆమె కంపెనీకి ఉత్తరం రాసి మూడు అడిగింది. అప్పు మీకు బదిలీ అయిన పత్రం, అందులో ఈ లోను నంబరున్న వరుస. సెర్సాయ్‌లో నమోదు. నోటీసు మీద సంతకం పెట్టినాయనకు ఆ అధికారం ఇచ్చిన కాగితం. 15 రోజుల్లో రావాల్సిన జవాబు నలభై రోజులకు వచ్చింది. పత్రాలు సరిగానే ఉన్నాయి, అప్పు నిజంగానే వాళ్ళకు బదిలీ అయింది. అది జరిగి అప్పటికే ఏడాది దాటింది. ఆ ఏడాదంతా మావాళ్ళు పాత కంపెనీ తిరుపతి ఆఫీసుకు తిరుగుతూనే ఉన్నారు. "సారు లేరు, రేపు రండి" అన్నారే కానీ మీ లోను మా దగ్గర లేదని ఒక్కరూ చెప్పలేదు.

దీంతో అప్పు ఎగిరిపోయిందనుకోకండి. మావాళ్ళ అప్పు ఒక్క రూపాయి మాఫీ కాలేదు. యూట్యూబులో కొంతమంది "ఈ ఒక్క ప్రశ్న అడగండి, లోను కట్టే పనే లేదు" అని చెబుతుంటారు, అది నమ్మితే ఇల్లు ఇంకా తొందరగా పోతుంది. ట్రిబ్యునల్ ముందు నిలబడి పత్రాలు చూపించమనొచ్చు, పత్రాలుంటే మన మాట అక్కడితో ఆగిపోతుంది. ఆ ప్రశ్న వల్ల మావాళ్ళకు దొరికింది వేరే. కూర్చుని మాట్లాడుకునే సమయం దొరికింది. ఎవరితో మాట్లాడాలో తెలిసింది. లెక్క చూడనిచ్చారు. అందులో మనుషులు ఇంటికొచ్చినందుకు కూడా చార్జీ వేసి ఉంది. మనల్ని బెదిరించడానికి వచ్చిన పెట్రోలు ఖర్చూ మనదేనన్నమాట! అవన్నీ తీసేయించి, నారాయణవనం దగ్గరున్న అరెకరా మామిడి తోట అమ్మి, 2024 జనవరిలో బ్యాంకు ద్వారా కట్టి ముగించారు. ఆ తోట అక్కకు పుట్టింటివాళ్ళు ఇచ్చింది.

ఇంటి పత్రాలు మాత్రం వెంటనే రాలేదు. అప్పు తీరిన 30 రోజుల్లో ఇవ్వాలనీ, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో చెప్పింది. ఆ డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. పాత కంపెనీ కొత్త కంపెనీ మీద, కొత్త కంపెనీ పాత కంపెనీ మీద చెప్పుకుంటూ పోయాయి. ఈసారి లాయరమ్మ అక్కర్లేదని అక్కే ఉత్తరం రాసింది. రాసింది అంటే తను చెప్పింది, నేను రాశాను. ఆ 5,000 లెక్క కూడా వేసి చూపించాం. పదిరోజుల్లో పత్రాలు వచ్చాయి, డబ్బు మాత్రం ఇవ్వలేదు.

ఇందులో ఆడవాళ్ళకు చెప్పాల్సింది ఒకటుంది. ఆ 14 లక్షల లోనులో అక్క కో-అప్లికెంటు. ఆ విషయం ఆమెకు తెలీదు. "ఆ రోజు యాడ పెట్టమంటే ఆడ పెట్టినాను" అంది. ఆడవాళ్ళ పేరుంటే వడ్డీ కొంచెం తగ్గుతుందని మన సంతకాలు తీసుకుంటారు, దాంతో అప్పులో మొత్తానికి మొత్తం మనమూ బాధ్యులమవుతాం. నోటీసు మన పేర కూడా వస్తుంది. ఇంటికొచ్చేవాళ్ళు ఎప్పుడొస్తారు? మగవాళ్ళు పనికి పోయిన పగటి పూట. గడపలో నిలబడి జవాబు చెప్పేది మనమే. సంతకం పెట్టేటప్పుడు మాత్రం కాఫీలు తేవడానికి లోపలికి పోతాం.

నేనూ అంతే, ఎక్కువ మాటలెందుకు. మా ఇంటికీ లోనుంది, ఇంకా ఆరేళ్ళు కట్టాలి. పోయిన ఆదివారం మా ఆయన్ను బీరువా తీయించి ఆ ఫైలు బయటపెట్టించాను. రిజిస్ట్రేషను కాగితాల జిరాక్సులు, ఈఎంఐ చిట్టా, 2015 నాటి కరెంటు బిల్లు, పెద్దోడి మార్కుల కార్డు, అన్నీ ఉన్నాయి. లోను ఒప్పందం కాపీ మాత్రం లేదు. "మనకు ఇవ్వలేదేమో" అన్నాడు. అడిగావా అంటే మాట్లాడలేదు.

సోమవారం బ్రాంచికి పోయి అడిగాను. కౌంటరులో అమ్మాయి "ఎందుకండీ ఇప్పుడు?" అంది. చదువుకోవడానికి అన్నాను. అర్జీ రాసిమ్మంది, ఇద్దరి సంతకాలూ కావాలంది. అక్కడే నిలబడి రాసిచ్చి, ముట్టినట్టు స్టాంపు వేయించుకున్నాను. వారం పడుతుందట. వచ్చే సోమవారానికి వారం అవుతుంది, మళ్ళీ పోతాను. పుత్తూరు నుంచి అక్క కూడా వస్తానంది.